నలుపు వదిలిన రాగి

నల్లబడ్డ రాగి కంటబడితే తిరుపతమ్మ చెయ్యి ఊరుకోదు. మస్కట్ పట్నం ఘుబ్రాలోని హుబర్ సాహెబు ఇంట్లో పనికి చేరి రెండేళ్ళు నిండవస్తున్నాయి. ఈ రెండేళ్ళలో మేడం ఆమెను నోరారా మెచ్చుకున్నది ఒకే ఒక్కసారి, అదీ రాగి పుణ్యమే. నిజ్వా సంతలో కొనుక్కొచ్చిన ఒమానీ కాఫీ కూజాలు నాలుగు, కొంగ ముక్కుల్లాంటి మూతులతో, హాలు అలమరలో మసిబొగ్గుల్లా కూర్చుని ఉండేవి. ఒక రోజు తిరుపతమ్మ వాటిని వంటింట్లోకి మోసుకుపోయి చింతపండు, ఉప్పు వేసి తోమిపెట్టింది. మేడం వచ్చి చూసి గుండెమీద చెయ్యి వేసుకుని, "వెరీ గుడ్, వెరీ గుడ్" అంది. ఆ తరువాత ఇంటికొచ్చిన ప్రతి దొరసానికీ ఆ కూజాలు చూపించడం, వాటి వెనకే తిరుపతమ్మను కూడా పిలిచి చూపించడం ఆమెకు అలవాటైపోయింది.

అందుకని సోమవారం పొద్దున మేడం అలమర ముందు నిలబడి, "థర్స్‌డే, గెస్ట్. ఆల్ క్లీన్" అన్నప్పుడు తిరుపతమ్మకు కొత్తగా అర్థం కావలసిందేమీ లేకపోయింది. ఆ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట క్లీనే. మేడం కుడిచెయ్యి ఎత్తి అలమర పై అర నుంచి కింది అర దాకా గుండ్రంగా ఒక చుట్టు చుట్టి చూపించింది. చూపించి, కారు తాళాలు తీసుకుని క్లబ్బుకు వెళ్ళిపోయింది.

పై అరలో కూజాలు. కింది అరలో సాహెబు రాగిబిళ్ళల పెట్టె. సాహెబుది ఆస్ట్రియా దేశం. నిజ్వా అవతల కొండల్లో ఊళ్ళకు నీళ్ళు తెచ్చే పాతకాలపు కాలువలను కొలవడం ఆయన పని. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం ఆ పెట్టె ముందేసుకుని, భూతద్దం కంటికి ఆనించుకుని కూర్చుంటాడు. రెండు వందల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో చెల్లిన చిల్లర నాణేలట, వాళ్ళ ముత్తాత దాచినవట. పెట్టెకు ఎప్పుడూ గాజుమూత ఉంటుంది. ఈసారి ఆయన ఏవో నంబరు చీటీలు అంటిస్తూ అంటిస్తూ సైట్ నుంచి ఫోను వస్తే మూత పక్కన పెట్టి అలాగే వెళ్ళిపోయాడు.

తిరుపతమ్మ వంగి చూసింది. పచ్చటి గుడ్డ పరిచిన చిన్నచిన్న గళ్ళలో ముప్పై దాకా బిళ్ళలు. కొన్ని చాకొలెట్ రంగు, కొన్ని పాచి పట్టిన రంగు, కొన్ని నల్లటి నలుపు. ఒక గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో ఉండే బిళ్ళ ఆమెకు తెలుసు. దానిమీద తలకు ముసుగు కప్పుకున్న రాణి ఉంటుంది. ఒకసారి దుమ్ము తుడుస్తుంటే సాహెబే పిలిచి చూపించాడు. రాణి ముసుగు మీద వేలు పెట్టి, రెండు చేతులూ చెంప కింద ఆనించి కళ్ళు మూసుకుని, మొగుడు పోయాక వేసుకున్నదని సైగలతో చెప్పాడు. తిరుపతమ్మ తన కొంగు తలమీదికి లాక్కుని, తనను తాను చూపించుకుంది. సాహెబు మెల్లగా తల ఊపాడు. ఆ ఇంట్లో ఆమెతో ఎవరైనా మాట్లాడారంటే అది ఆ రోజే.

మిగతా బిళ్ళల మీది రాణులు ఇంత మురికి పట్టి ఉంటే ఆమెకు నిజంగానే బాధేసింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె రెండేళ్ళ వీసా ఈ నెలతో అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకు పొడిగించే కాగితం కంపెనీ నుంచి వచ్చి సాహెబు బల్లమీదే ఉంది. శనివారం సంతకం పెడతానన్నాడు. ఊళ్ళో ఇల్లు గోడలు లేచి లింటలు దగ్గర ఆగింది. స్లాబు పడకపోతే వచ్చే వానలకు గోడలు మళ్ళీ మన్నయిపోతాయని ఆమె బిడ్డను చూసుకునే చెల్లెలు రాసిన ఉత్తరం, కంపెనీ డ్రైవరుచేత చదివించుకున్నది, ఆమె దిండు కింద ఉంది. సంతకం పెట్టే చెయ్యి సంతోషంగా పెట్టాలని ఆమె ఆశ. అడక్కుండా చేసిన పనికి విలువెక్కువని ఆమె నమ్మకం.

రూవిలో తెలుగువాళ్ళ సామాను దొరికే కొట్లో కొన్న చింతపండు పెద్ద నిమ్మకాయంత తీసి గోరువెచ్చటి నీళ్ళలో నానేసింది. నానేలోపు కూజాలు దించింది. పులుసు చిక్కగా పిసికి, పిప్పి వేరు చేసి, గుప్పెడు ఉప్పు కలిపింది. పెట్టెలో ఒక మూల రెండు పెద్ద వెండి బిళ్ళలు కూడా ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. వెండికి విబూది కావాలి, పులుసు తగిలితే మచ్చ పడుతుంది. ఏ లోహానికి ఏది పెట్టి తోమాలో తనకు తెలిసినంత ఈ మస్కట్ పట్నంలో ఎవరికి తెలుసునని ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

రాగిబిళ్ళలను గిన్నెలో వేసి పులుసు పోసింది. ఒక్కొక్కదాన్నే తీసి ముందు బొటనవేలితో రుద్దింది, తరువాత మెత్తటి కొబ్బరి పీచుతో. రాణి బుగ్గ, రాణి ముక్కు, మెడ కింద గొలుసు, చుట్టూ అక్షరాలు. వెనక్కి తిప్పితే తీగల చట్రం, దానిలో మళ్ళీ అక్షరాలు. నలుపు నీళ్ళలోకి దిగిపోతుంటే కింద నుంచి లేత ఎరుపు లేచి వస్తోంది. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న పచ్చటి పాచిని అగ్గిపుల్ల మొనతో తీసింది. ఆకలి సంగతే మరిచిపోయింది.

వెనక తలుపు దగ్గర బండి తుడిచే గుడ్డ కోసం వచ్చిన జిలాని ఆగి చూశాడు. జిలాని కంపెనీ డ్రైవరు, రాయచోటి వాడు. మేడానికీ తిరుపతమ్మకూ నడుమ మాటలు ఇటువి అటు, అటువి ఇటు మోసేది కూడా అతనే.

"ఏందక్కా ఇది, పులుసు కాస్తాండావా?"

"సాహెబు బిళ్ళలప్పా. ఎట్లుండె, ఎట్లయినాయో సూడు."

జిలాని ఒకటి అరచేతిలో వేసుకుని కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. "అబ్బ, బంగారం మాదిరి ఉండాయే. సాహెబు చెప్పినాడా?"

"మేడమే చూపిచ్చిపాయ, అంతా కడగమని. ఇట్లా." ఆమె తడిచేత్తో గాలిలో గుండ్రంగా చుట్టి చూపించింది.

"అయితే నీ కాగితం అయిపోయినట్టేలే" అని నవ్వి జిలాని వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఆమె బిళ్ళలను మళ్ళీ గళ్ళలో సర్దింది. గిన్నెలు బోర్లించే పద్ధతిలోనే పెద్దవి ముందు వరసలో, చిన్నవి వెనక వరసలో. చీటీల మీది నంబర్లు ఆమె చదవలేదు, చదవడం రాదు. అలమర దగ్గర దీపం వేస్తే పెట్టె అంతా దీపాల వరసలా కనిపించింది.

మేడం ఆ పెట్టెను చూసింది మంగళవారం సాయంత్రం.

మొదట ఆమె ముఖం మెచ్చుకోలుగానే తెరుచుకుంది. తరువాత ముందుకు వంగింది. ఒక బిళ్ళ తీసింది, ఇంకొకటి తీసింది. సాహెబు బల్ల సొరుగులో నుంచి ఫోటోలు అంటించిన పుస్తకం తెచ్చి నంబరు నంబరుకూ పోల్చింది. ఒకటో గడిలో ఉండవలసిన బిళ్ళ అక్కడ లేదు, రెండో గడిలోదీ లేదు. ఫోటోల్లో ఉన్నవన్నీ నల్లటివి, గళ్ళలో ఉన్నవన్నీ నిన్న మొన్న అచ్చు కొట్టినట్టున్నవి. మత్రా బజారులో టూరిస్టుల కోసం కొత్త బిళ్ళలు చేసి పాతవని అమ్ముతారని ఆమె విని ఉంది. ఆ వీధిలోనే ఇంకో ఇంట్లో పనిమనిషి గొలుసు తీసిందని వారం కిందట క్లబ్బులో విని ఉంది. ఈ మూడూ కలిపి చూసుకుంది.

"వేర్ ఓల్డ్?" అని అడిగింది. తిరుపతమ్మకు అర్థమైంది క్లీన్ చేశావా అని. సంతోషంగా తల ఊపి, "ఓల్డ్ ఫినిష్ మేడం. ఆల్ ఫినిష్" అంది. మేడం ముఖం తెల్లగా పాలిపోయింది. పెట్టె తీసుకుని పడకగదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ రాత్రి వంట వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో తిరుపతమ్మకు తెలియలేదు. అప్పటికే చేసిన పులిహోర చేసినట్టే ఉండిపోయింది.

బుధవారం పొద్దున కంపెనీలో కాగితాల పని చూసే రషీద్ వచ్చాడు. తెల్లటి దుస్తులు, చేతిలో తోలు సంచి, నెమ్మదైన మనిషి. ఆయన్ను చూడగానే తన వీసా పనేనేమోనని తిరుపతమ్మ కొంగు సర్దుకుంది. వెనకే జిలాని వచ్చాడు. అతను ఆమె వంక చూడటం లేదు.

మేడం చాలాసేపు మాట్లాడింది. రషీద్ కొంచెం మాట్లాడాడు. జిలాని తెలుగులోకి తిప్పాడు.

"అక్కా, బిళ్ళలు ఎవరికిచ్చినావు?"

"ఏ బిళ్ళలు?"

"పాతవి. సాహెబువి. అవి మత్రాలో అమ్మి, కొత్తవి తెచ్చి పెట్టినావంట. పాతవి ఈ పొద్దు తెచ్చిస్తే మాటతో పోతాది, లేకుంటే పోలీస్ స్టేషనుకు పోవాల అంటాండాడు రషీద్."

తిరుపతమ్మ మత్రా బజారు చూసిందే రెండుసార్లు, అదీ మేడం సంచులు మోయడానికి. "నేను కడిగినాను జిలానీ. నువ్వు సూడ్లేదా, నీ చేతిలో పెట్టినా గదా. చెప్పు వాళ్ళకు."

జిలాని చెప్పాడు. మేడం తల అడ్డంగా ఊపింది. పుస్తకం తెరిచి నల్లటి ఫోటోల మీద వేలితో పొడిచి, ఎదురుగా మెరిసే బిళ్ళలను చూపించింది. రాత్రికి రాత్రి రెండు వందల ఏళ్ళు ఎలా పోతాయని ఆమె ప్రశ్న. రషీద్ కూడా ఒక బిళ్ళ తీసి చూసి, కొత్తదేనన్నట్టు పెదవి విరిచాడు.

"మేడమే చూపిచ్చిందని చెప్పు. చెయ్యి ఇట్లా తిప్పి అంతా చూపిచ్చిందని చెప్పు" అంది తిరుపతమ్మ. గాలిలో చుట్టి చూపించింది.

జిలాని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె చెప్పినదానికన్నా అది పొట్టిగా ఉందని ఆమెకు అనిపించింది. అయినా ఇంగ్లీషు పొట్టిగానే ఉంటుందేమోలే అనుకుంది.

దొంగ అనే మాట తెలుగులో ఎవరూ అనకపోయినా ఆ గదిలో నిలబడే ఉంది. రషీద్ తోలుసంచి భుజాన వేసుకుని లేచాడు. అంతలో తిరుపతమ్మకు తోచింది. అంతవరకూ తోచనందుకు తననే తిట్టుకుంది.

"జిలానీ, ఇంకోటి ఉండాల. ముసుగు రాణిది. అది పెట్టెలో లేకపాయ. అదిస్తే మీ కండ్లముందరే కడిగి చూపిస్తా. అప్పుడు నమ్ముతారు గదా."

జిలాని ఈసారి మాట మాటా పొల్లుపోకుండా చెప్పాడు. మేడం సాహెబు బల్ల సొరుగు తాళం తీసి చిన్న కాగితపు కవరు తెచ్చింది. అందులో నుంచి ముసుగు రాణి బయటికొచ్చింది. నున్నటి ముదురు గోధుమరంగు. సాహెబు ఆ ఒక్కదాన్నే విడిగా దాచుకున్నాడంటే దానికేదో లెక్క ఉంటుందని ఆ గదిలో ముగ్గురిలో ఒక్కరికైనా తోచి ఉండవలసింది, నాలుగో మనిషి తిరుపతమ్మ సంగతి వదిలేసినా. ఎవరికీ తోచలేదు.

వంటింట్లో సింకు ముందు నలుగురూ నిలబడ్డారు. తిరుపతమ్మ చింతపండు నానేసి, పులుసు పిసికి ఉప్పు కలిపింది. రాణి బుగ్గ రుద్దింది. ముక్కు రుద్దింది. ముసుగు మడతల్లోకి పీచు పోనిచ్చింది. నలుపు చారలు కట్టి సింకులోకి జారింది. నీళ్ళ కింద పెట్టి కడిగి, కొంగుతో తుడిచి, మేడం అరచేతిలో పెట్టింది.

మేడం బిళ్ళ చూసింది, పుస్తకంలో ఫోటో చూసింది. రెండింటిలోనూ రాణి మెడ దగ్గర ఒకే చిన్న గంటు. "ఓ" అంది. ఇంకోసారి "ఓ" అంది. తరువాత తిరుపతమ్మను దగ్గరికి తీసుకుని భుజం తట్టింది. రషీద్ పెద్దగా నవ్వి, చింతపండు గిన్నె వాసన చూసి ఏదో అన్నాడు, జిలాని కూడా నవ్వాడు. తిరుపతమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అందరికీ టీ పెట్టింది. ఆ మధ్యాహ్నం పులిహోర ఆమె ఒక్కతే కడుపునిండా తింది.

గురువారం మధ్యాహ్నం సాహెబు వచ్చాడు. బూట్లకు కొండమన్ను, మెడ ఎండకు కందిపోయి ఉంది. అలమర ముందు ఆగాడు. తిరుపతమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. మెచ్చుకుంటాడనే ఆశ ఆమెకు ఇంకా చావలేదు.

ఆయన ఒక బిళ్ళ తీసి అంచు చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి చూశాడు. భూతద్దం కూడా తీయలేదు. వరస తప్పిన గళ్ళలో నుంచి ఒక్కొక్కటే తీసి, చీటీలు చూడకుండానే, దాని చోట దాన్ని పెట్టుకుంటూ పోయాడు. ఒక్కటి తప్పు పడలేదు. పసిబిడ్డలను మారిస్తే తల్లికి తెలియదా, అలా తెలిశాయి ఆయనకు. చివరికి సొరుగు తెరిచి కవరు తీశాడు. అందులోది అరచేతిలో పడగానే మెరిసింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

అరిస్తే బాగుండుననిపించింది తిరుపతమ్మకు. అరుపులు ఆమెకు అలవాటే. ఆయన అరవలేదు. మేడంతో వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అడిగాడు. మేడం గబగబా చెప్పింది, వంటింటి వైపు చూపించింది, చింతపండు అన్నట్టు వేళ్ళు రుద్ది చూపించింది. తన చెయ్యి గుండ్రంగా తిప్పి మాత్రం చూపించలేదు.

సాయంత్రం అతిథులొచ్చారు. పెట్టె మీద తెల్లటి తువ్వాలు కప్పి ఉంది. వచ్చిన దొరసానులందరూ కాఫీ కూజాలను చూసి మురిసిపోయారు. మేడం ఈసారి తిరుపతమ్మను పిలవలేదు.

శుక్రవారం పొద్దున జిలానిని పిలిపించారు. సాహెబు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మేడం కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. సాహెబు మాట్లాడాడు. జిలాని తలొంచుకుని తెలుగులో చెప్పాడు.

"అక్కా, నువ్వు దొంగవి కాదని ఆయనకు తెలుసంట. చూడంగానే తన బిళ్ళలేనని కనుక్కున్నాడంట. ఒగదినం ఆగింటే ఆ కడపటిదన్నా మిగిలేది అంటాండాడు. ఆ నలుపే వాటికి వయసంట. అది పోతే ఏమీ లేదంట. వాళ్ళ ముత్తాత కాడి నుంచి ఎవరూ కడగలేదంట."

"నాకేం తెలుసు జిలానీ. తప్పయిపాయ. కాళ్ళు పట్టుకుంటా." ఆమె ముందుకు కదలబోతే సాహెబు చెయ్యి అడ్డంపెట్టాడు.

"రాగి గదా, మళ్ళీ నల్లబడతాదని చెప్పు. మా ఇంట్లో చెంబు తోమిన నెలకే నల్లబడతాది. ముట్టుకోకుండా పెడితే అదే పడతాదని చెప్పు."

జిలాని చెప్పాడు. సాహెబు నవ్వాడు. అందులో నవ్వు లేదు. "ఇంకో రెండొందల ఏండ్లు పడతాది అంటాండాడు" అన్నాడు జిలాని.

"మేడం చెయ్యి చూపిచ్చింది చెప్పు. మొన్న చెప్పింటివి గదా, మళ్ళీ చెప్పు. ఇట్లా తిప్పింది జిలానీ, పైనుంచి కిందదాకా. నా బిడ్డమీద ఒట్టు." గాలిలో ఆమె చెయ్యి మళ్ళీ చుట్టు తిరిగింది.

కిటికీ దగ్గర మేడం వెనక్కి తిరిగింది. ఆ చెయ్యిని చూసింది. జిలాని మేడాన్ని చూశాడు. తరువాత సాహెబుతో రెండు ముక్కలు మాట్లాడాడు. సాహెబు తల ఊపి, బల్లమీది కాగితాలు సర్ది, వాటిలో నుంచి పాస్‌పోర్టు తీశాడు. పొడిగింపు కాగితం అలాగే ఉంది, సంతకం చోటు తెల్లగా.

వీసా రద్దు, శనివారం రాత్రి విమానానికి టికెట్టు. జీతం పూర్తిగా ఇచ్చారు. అన్యాయం చేసినట్టు ఎవరికీ అనిపించకుండా చేయవలసినవన్నీ చేశారు. మేడం రెండు చీరలు, ఒక చాకొలెట్ డబ్బా పెట్టింది. సాహెబు ముసుగు రాణి బిళ్ళను కవరుతో సహా ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ప్రేమతో ఇచ్చాడో, ఇక చూడలేక ఇచ్చాడో ఆమెకు తెలియలేదు.

తిరుపతమ్మ తన పెట్టె బండిలో పెడుతుంటే మేడం ఒక కాఫీ కూజా పట్టుకుని గేటు దాకా వచ్చింది. సముద్రపు గాలికి దాని అంచు అప్పుడే మసకబారుతోంది. జిలానితో ఏదో అడిగింది.

"చింతపండు ఎంత వేసేది, ఎంతసేపు నానబెట్టేది చెప్పమంటాండాది" అన్నాడు జిలాని, నేలను చూస్తూ.

తిరుపతమ్మకు ఒళ్ళు మండింది. కూజా లాక్కుని గేటుకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. ఆమె చేసింది మాత్రం ఇంకొకటి. సంచి విప్పి, మిగిలిన చింతపండు పొట్లం తీసి మేడం చేతిలో పెట్టింది. నిమ్మకాయంత అని పిడికిలి చూపించింది. ఉప్పు ఎంతో అరచెయ్యి గుంట చేసి చూపించింది. తోమే పని గురించి అడిగితే తప్పు చెప్పడం ఆమెకు చేతకాదు.

సీబ్ ఎయిర్‌పోర్టు దారిలో బండి పోతోంది. ఎడమపక్క కొండలు, దీపాలు. ఘుబ్రా దాటాక తిరుపతమ్మే అంది. "అంత చెప్పినా సాహెబు మేడాన్ని ఒగమాట అనలేదు సూడు. వాళ్ళూ వాళ్ళూ ఒగటే."

జిలాని బండిని పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"సాహెబుకు తెలీదక్కా. ఆ మాట నేను చెప్పలేదు. బుధవారమూ చెప్పలేదు, నిన్నా చెప్పలేదు."

తిరుపతమ్మ అతనివైపు తిరిగింది.

"నిన్న ఏం చెప్పినావు మరి?"

"ఆమె క్షమించమంటాండాదని చెప్పినా." "మేడం నన్నే చూస్తాండె. చెప్పాలనే నోరు తెరిచినాక్కా."

పక్కనుంచి లారీలు పోతుంటే బండి ఊగుతోంది. వెనక్కి తిప్పితే ఘుబ్రా పది నిమిషాలు. సాహెబు ఇంకా పడుకుని ఉండడు. పొడిగింపు కాగితం ఇంకా ఆ బల్లమీదే ఉండవచ్చు. గోడల మీద స్లాబు ఒక్కసారి ఆమె కళ్ళముందు పరుచుకుంది. నోటిదాకా వచ్చింది, బండి తిప్పమని. తిప్పినా మళ్ళీ చెప్పవలసింది జిలాని నోరే కదా. గుప్పిట్లో కవరు ఎప్పుడో నలిగిపోయింది. బిళ్ళను వేళ్ళతో తడుముతూనే ఉంది. చెమటకు ముసుగు అంచున ఎరుపు తగ్గి కాస్త నలుపు తిరుగుతోంది.

"నీ వీసా కాగితం సంతకం ఎప్పుడు?" అని అడిగింది.

"వచ్చే నెల."

ఆమె బిళ్ళను నలిగిన కవర్లోకి తోసింది.

"పోనీ బండి" అంది. "టైమయితాండాది."